నిమ్మ అంట్లకు వైరస్ పరీక్ష తప్పనిసరి చేయండి: ఉద్యాన అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉద్యాన అధికారి గారికి,

మా వినతిపత్రాలకు జవాబు రానందున విశాఖ ప్రజల సాక్షిగా ఇలా రాస్తున్నాం.

శివారు నర్సరీల్లో చాలాచోట్ల నిమ్మ, బత్తాయి మొక్కలను ఆరుబయటే పెంచి అమ్ముతున్నారు. నిమ్మజాతి చెట్లను దెబ్బతీసే ట్రిస్టెజా వైరస్ సోకిన నిమ్మ లేతాకును వెలుగుకు ఎత్తి చూడండి, ఆకు ఈనెల (నరాల) వెంట తెగిన గీతల్లా పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి. కొమ్మ బెరడు ఒలిస్తే కొయ్యలో సన్నని గుంటలుంటాయి. ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు. రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక మోసుకొస్తుంది, తెగులున్న చెట్టు నుంచి కోసిన అంటుమొగ్గతోనూ వస్తుంది. పేనుబంక కొద్ది నిమిషాలు రసం పీల్చినా వైరస్‌ను అందుకోగలదు కనుక మందు కొట్టడం ఒక్కటే చాలదు. సోకిన చెట్టుకు చికిత్స లేదు. కాపు కోసం మూడు నాలుగేళ్లు నీరు, ఎరువు, కూలి భరించిన రైతు తీరా చెట్టు పీకేయాల్సి వస్తే ఆ కుటుంబం అప్పుల్లో పడుతుంది.

రంగపూర్ నిమ్మ వేరుమూలంపై (అంటుకు కింది భాగంగా వాడే మొక్కపై) కట్టిన బత్తాయి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను దాచుకోవచ్చు. కంటితో చూసి ధ్రువీకరించడం అందుకే పనికిరాదు. మొగ్గలు తీసే ప్రతి తల్లిచెట్టుకూ ఏటా ఎలైసా పరీక్ష (వైరస్‌ను పట్టే ప్రయోగశాల పరీక్ష) చేయించండి, వైరస్ తేలినవాటిని తొలగించండి. పేనుబంక దూరని సన్నకన్ను వల, రెండు తలుపులు ఉన్న షెడ్లలో పెంచిన అంట్లకే అమ్మకానికి అనుమతివ్వండి. పరీక్ష ఫలితాలను నర్సరీ గేటు దగ్గర బోర్డుపై పెట్టించండి. తొలకరి నాట్లకు ముందే ఈ ఉత్తర్వు వెలువడాలని కోరుతున్నాం.

ఇట్లు,
నిమ్మ, బత్తాయి రైతులు, విశాఖపట్నం