పట్టుదల అసలు ఎక్కడ ఉండాలి?

సంపాదకుడు గారికి,

క్రైస్తవుడు ఏ విషయాల్లో రాజీ పడకూడదో చెబుతూ పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మొదట పట్టించుకోలేదు. కానీ ఆదివారం మా సంఘంలో కొందరు దాన్ని కాపీలు తీసి పంచడం చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. బట్టలు, నగలు, సినిమాలు, తిండి, పండుగ రోజులు. వ్యాసం మొత్తం వీటి గురించే. అబద్ధం గురించి, లంచం గురించి, ఎగ్గొట్టిన జీతాల గురించి ఒక్క వాక్యమైనా లేదు.

రాసినవారు బైబిల్లో అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, అంటే రోమా పత్రిక, 14వ అధ్యాయం ఒకసారి తెరిచి ఉండాల్సింది. ఒకరు అన్నీ తింటారు, ఇంకొకరు కూరగాయలే తింటారు. ఒకరికి ఒక రోజు గొప్పది, మరొకరికి అన్ని రోజులూ ఒకటే. ఇలాంటి వాటిలో ఎవరి మనస్సులో వారు నిశ్చయించుకోండి, ఒకరి మీద ఒకరు తీర్పు తీర్చకండి అన్నాడు పౌలు. ఆ పౌలే యూదులకు అభ్యంతరం ఉండకూడదని తన శిష్యుడు తిమోతికి సున్నతి చేయించాడు. మరో సహచరుడు తీతు దగ్గరికి వచ్చేసరికి, సున్నతి తప్పనిసరి అని కొందరు పట్టుబడితే ఒక్క గడియ కూడా లొంగలేదు. అంతియొకయలో పేతురు అన్యులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి తినడం మానేస్తే అందరి ముందూ నిలదీశాడు. గొడవ భోజనం దగ్గరే మొదలైంది, కానీ అక్కడ జరిగింది సాటి విశ్వాసిని తక్కువ చేయడం.

అలాగని అన్నీ మన ఇష్టమే అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. అన్యుల మీద అనవసర భారం మోపకూడదని తీర్మానించిన తొలి సంఘ పెద్దల యెరూషలేము సభ కూడా జారత్వం (లైంగిక అనైతికత) విషయంలో మాత్రం సడలింపు ఇవ్వలేదు.

బబులోనుకు చెరగా వెళ్లిన యూదుడు దానియేలును చూడండి. బబులోను పేరు పెడితే ఆ పేరుతోనే కొలువు చేశాడు. కల్దీయుల విద్య నేర్చుకున్నాడు. పరాయి రాజు దగ్గర పెద్ద ఉద్యోగం చేశాడు. ఆ వ్యాసం లెక్కన ఇవన్నీ తప్పులే అవుతాయి. రాజు భోజనం వద్దన్న సంగతి, సింహాల గుహ సంగతి సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు. ఆ గుహ దాకా ఎందుకు వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ. అతని పదవి మీద కన్నేసినవాళ్లు ముందు అతని ఉద్యోగంలోనే తప్పు వెతికారు. మోసం గానీ నిర్లక్ష్యం గానీ ఏమీ దొరకలేదు. వేరే దారి లేక అతను దేవునికి చేసే ప్రార్థననే నేరంగా చూపించారు. ఈ రోజు మన ఆఫీసుల్లో మన పనిని అలా వెతికితే ఎంతమందిమి నిలబడతాం? ఆదివారం ముందు వరుసలో కూర్చునే అధికారే సోమవారం ఫైలు కదలాలంటే డబ్బు అడుగుతుంటే, సంఘంలో ఎవరూ నోరెత్తరు. చెవికమ్మలు పెట్టుకొచ్చిన అమ్మాయిని మాత్రం ప్రసంగం మధ్యలో తప్పుపడతారు. సంఘం లెక్కలు చూపించమని అడిగినవాడికి తిరుగుబాటుదారుడని పేరు. డబ్బున్నవాడికి మంచి కుర్చీ, లేనివాడికి గుమ్మం దగ్గర చోటు. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో పాపమని తేల్చి చెప్పింది సరిగ్గా దీన్నే! కోత కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని ఐదో అధ్యాయంలో రాసిందీ ఆయనే.

చిన్నవాటిని పట్టుకుని పెద్దవి వదిలేస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1930లలో జర్మనీలో చాలా సంఘాలు ఆరాధన మానలేదు, పాటలు మానలేదు. యూదు సంతతికి చెందిన పాస్టర్లను తీసేయాలన్న నియమం వస్తే మాత్రం ఎన్నో సంఘాలు తలొంచాయి. సంఘానికి ప్రభువు క్రీస్తు ఒక్కడేనని 1934 మే నెలలో బార్మెన్‌లో ప్రకటించినవాళ్ల వైపు నిలిచిన జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్‌ను, హిట్లర్‌ను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. బైబిల్లోనూ అంతే, హెబ్రీయుల మగపిల్లల్ని చంపమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞాపిస్తే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు చంపలేదు. వాళ్లు ఏ నగలు పెట్టుకున్నారో బైబిల్లో ఎక్కడా లేదు.

ఆ వ్యాసానికి రెండో భాగం ఉంటుందని వేశారు. అందులోనైనా అబద్ధ సాక్ష్యం, లంచం, జీతాలు, పక్షపాతం గురించి రాయమని ఆ రచయితను దయచేసి అడగండి. అంతకంటే ముందు ఈ ఉత్తరం వేస్తే మా సంఘంలో దీన్ని కూడా కాపీలు తీసి పంచుతాను.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు