మీ ‘మిస్సింగ్ ఐటమ్’ విభాగానికి నా ఐదో ఉత్తరం

విజయవాడ,
ఆగస్టు 9.

కస్టమర్ కేర్ ప్రధాన అధికారి గారికి (అలాంటివారు నిజంగా ఉంటే),

విషయం: జూన్ 9న అడిగిన ఒక్క ప్రశ్నకి ఇంతవరకూ జవాబు రాకపోవడం.

అయ్యా,

‘మీ భాషలో మాట్లాడండి, మేం వింటాం’ అని మీ వెబ్‌సైటులో పెద్ద అక్షరాలతో వేసుకున్నారు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో రాసిన నాలుగు ఉత్తరాలకీ పట్టిన గతి చూశాక, భాష మారిస్తే వినికిడి కాస్త మెరుగుపడుతుందేమోనని ఆశ.

జూన్ మొదటి వారంలో మీ దగ్గర ఒక డిస్కుల పెట్టె కొన్నాను. రూ. 2,850. ‘లెస్లీ హిస్కాట్ మిస్టరీ చిత్రాలు, సంపూర్ణ సంపుటి’ అని అట్ట మీద ఉంది. హిస్కాట్ అంటే పాతకాలపు బ్రిటిష్ సినిమా దర్శకుడు. లోపల ఆరు సినిమాలని రాశారు: పాసింగ్ ఆఫ్ మిస్టర్ క్విన్, స్లీపింగ్ కార్డినల్, అలిబై, బ్లాక్ కాఫీ, మిస్సింగ్ రెంబ్రాంట్, ట్రయంఫ్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్. ఆ జాబితా చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎందుకంటే వీటిలో నాలుగు సినిమాలు పోయాయి. పోవడమంటే మార్కెట్లో దొరక్కపోవడం కాదు. వాటి ప్రింటు ప్రపంచంలో ఎక్కడా ఉన్నట్టు ఆచూకీ లేదు. డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ కథని మొదటిసారి తెరకెక్కించిన సినిమా 1928 నాటి ఆ మిస్టర్ క్విన్. ఆమె డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో తొలిసారి తెర మీద కనిపించింది 1931లో వచ్చిన అలిబైలో. రెండూ ఈ హిస్కాట్ తీసినవే. రెండూ లేవు.

అలాంటివి మీ పెట్టెలో ఉన్నాయంటే ఎవరికో ఏ అటక మీదో రీళ్ళు దొరికాయనుకున్నాను. నవ్వకండి. స్లీపింగ్ కార్డినల్ కూడా పోయిందనే చాలాకాలం అనుకున్నారు, తర్వాత బయటపడింది. మనిషన్నాక ఆశపడతాడు. పైగా అమ్ముతున్నది మీరాయె!

పెట్టె వచ్చింది. కార్డినల్, ట్రయంఫ్ రెండూ సరిగ్గానే ఉన్నాయి. మిస్టర్ క్విన్ అని రాసిన డిస్కులో షెర్లాక్ హోమ్స్ ఫేటల్ అవర్ ఉంది. అంటే స్లీపింగ్ కార్డినల్‌కి అమెరికాలో పెట్టిన పేరు. ఒకే సినిమాని రెండు పేర్లతో రెండుసార్లు అమ్మారన్నమాట. అలిబై డిస్కులో లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్ పెట్టారు. దాని దర్శకుడు హెన్రీ ఎడ్వర్డ్స్. బ్లాక్ కాఫీలో గ్రాహం కట్స్ తీసిన సైన్ ఆఫ్ ఫోర్, రెంబ్రాంట్‌లో థామస్ బెంట్లీ తీసిన సిల్వర్ బ్లేజ్. ఎవరి పిల్లల్ని ఎవరి ఒళ్ళో పడుకోబెట్టారో మీకే తెలియాలి.

ఇదంతా నేను క్షమించేవాణ్ణే, నమ్మండి. పొరపాట్లు జరుగుతాయి. ‘ఆ సినిమాలు మీకు నిజంగా దొరికాయా, లేక అట్ట మీద అచ్చువేసిన మాటేనా?’ అని నేనడిగింది ఒక్కటే. అవునని గానీ కాదని గానీ చెప్పడానికి అర నిమిషం చాలు.

జూన్ 9న ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కాను, ఆర్డర్ల కోసం నాలుగు నొక్కాను, మనిషితో మాట్లాడ్డానికి తొమ్మిది నొక్కి ఇరవై నిమిషాలు మీ సంగీతం విన్నాను. చివరికి ఒక అమ్మాయి పలికింది. చాలా మర్యాదస్తురాలు, ఆమెని ఏమీ అనను. “ఏ ఐటమ్ సార్?” అంది. “మిస్సింగ్ రెంబ్రాంట్” అన్నాను. “ఓకే సార్, రెంబ్రాంట్ మిస్సింగ్, నోట్ చేసుకున్నాను” అంది. “కాదమ్మా, సినిమా పేరే అది” అన్నాను. “అర్థమైంది సార్, మిస్సింగ్ ఐటమ్ కింద టికెట్ రైజ్ చేశాను. 48 గంటల్లో పరిష్కారమవుతుంది” అంది. ఆరు రోజులకి ఇంకో పార్సిల్ వచ్చింది. విప్పితే అదే డిస్కు, అదే సిల్వర్ బ్లేజ్. వెనకాలే ‘మీ మిస్సింగ్ ఐటమ్ అందింది, టికెట్ మూసివేయబడినది, మాకు ఐదు నక్షత్రాలు ఇవ్వండి’ అని మెసేజ్.

రెండోసారి ఒక కుర్రాడు తగిలాడు. ఈసారి తెలివిగా పేరు ఎత్తకుండా, “ఆ సినిమా ఎప్పుడో పోయింది బాబూ, మీరెలా అమ్మారు?” అని అడిగాను. “ఎక్కడ పోయింది సార్, ట్రాన్సిట్‌లోనా?” అన్నాడు. ఇంగ్లండులో, 1932 తర్వాత ఎప్పుడో అన్నాను. కాసేపు కీబోర్డు టకటకలాడింది. “ఓకే సార్, అయితే మన కొరియర్ పార్ట్‌నర్ బాధ్యత కాదు” అన్నాడు. దాన్ని నేనూ కాదనలేకపోయాను.

తర్వాత మీ యాప్‌లో చాట్ అన్నారు. అక్కడ మనిషి కాదు, మర. బ్లాక్ కాఫీ అని టైపు చేస్తే, ‘క్షమించండి, ఆహార పదార్థాలు, పానీయాలు వాపసు తీసుకోబడవు’ అని వచ్చింది. డిస్కుల వాళ్ళు కాఫీ పొడి కూడా ఎప్పుడు మొదలుపెట్టారో! దాని ఫొటో నా దగ్గర ఉంది. అడిగితే పంపుతాను, మీ మీటింగులో చూసుకోవచ్చు.

జూన్ 27న సూపర్‌వైజర్ గారు. “సార్, మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది సార్” అని నాలుగుసార్లు అన్నారు. “ఏం అర్థమైందో చెప్పండి” అంటే, “మీకు వేరే సినిమా వచ్చింది, రిఫండ్ కావాలి” అన్నారు. కాదు, నాకు జవాబు కావాలన్నాను. “జవాబు అనే ఆప్షన్ మా సిస్టమ్‌లో లేదు సార్” అన్నారు. ఇన్నాళ్ళలో మీ సంస్థ నుంచి నేను విన్న ఒకే ఒక్క నిజాయితీ మాట అది. కంటెంట్ టీమ్‌ని కనుక్కుని సాయంత్రం ఐదింటికి తానే ఫోన్ చేస్తానన్నారు. ఆ ఐదు ఇంకా కాలేదు. మా ఆవిడ రోజూ ఐదు కొట్టగానే, “మీ హిస్కాట్ గారు ఫోన్ చేశారా?” అని అడుగుతోంది. ఈ వయసులో ఇంట్లో లోకువైపోవడం నాకు కొత్త కాదు గానీ, దానికి మీరు కూడా ఒక చెయ్యి వేయాలా?

ఆ ఎదురుచూపుల్లో నాకు హిస్కాట్ మాటిమాటికీ గుర్తొచ్చాడు. ఆయన పనిచేసిన పద్ధతి మీకు ఎవరైనా చెబితే బాగుండును. 1927లో బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. హాళ్ళలోనూ పంపిణీలోనూ ఇన్ని శాతం స్వదేశీ సినిమాలు ఉండి తీరాలన్నది దాని సారం. అమెరికా కంపెనీల వాళ్ళు ఆ లెక్క పూర్తిచేసుకోవడానికి చవగ్గా, గబగబా సినిమాలు తీయించుకునేవారు. అడుగుకి ఒక పౌను రేటు. ఆరు వేల అడుగుల సినిమా అంటే ఆరు వేల పౌన్లు, అంతే. కొన్నింటిని పొద్దున్నే హాలు ఊడ్చేవాళ్ళ ముందు ఆడించేసి లెక్కలో రాసుకునేవారని చెప్పుకుంటారు. ట్వికెన్‌హామ్ స్టూడియోలో జూలియస్ హేగన్ అనే నిర్మాత పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు నడిపేవాడు. హిస్కాట్ అక్కడి ఆస్థాన దర్శకుడి లాంటివాడు. 1931 ఒక్క ఏడాదిలోనే స్లీపింగ్ కార్డినల్, అలిబై, బ్లాక్ కాఫీ మూడూ బయటికొచ్చాయి. ఇలాంటి సినిమాకి రెండు మూడు వారాలు దొరికితే గొప్ప. మీరు నా ప్రశ్న నానబెట్టిన 61 రోజుల్లో ఆయన మూడు హత్యలు చేయించి, మూడింటికీ హంతకుల్ని పట్టించి, నాలుగోదానికి సెట్టు వేయించేవాడు.

గొప్ప దర్శకుడని నేననను. కెమెరా ఒకచోట పాతేసినట్టు ఉంటుంది. జనం గదిలోకొచ్చి నిలబడి మాట్లాడి వెళ్ళిపోతుంటారు. అదే కాలంలో హిచ్‌కాక్ 1929లోనే బ్లాక్‌మెయిల్ అనే టాకీ తీసి శబ్దంతో ఆటలాడాడు. హిస్కాట్‌కి అంత తీరికా డబ్బూ ఎవరిచ్చారు? అయినా ఆర్థర్ వాంట్నర్ అనే నటుణ్ణి హోమ్స్‌గా కూర్చోబెట్టి, తొందరపడకుండా ఆలోచించనిచ్చిన తీరు ఉంది చూశారూ, అది నాకిష్టం. వాంట్నర్ ఐదుసార్లు హోమ్స్ వేస్తే మూడు ఈయన చేతి మీదుగా వచ్చినవే. కథల్లో పొట్టిగా, పెద్ద మీసాలతో ఉండే పొయిరోకి మాత్రం మీసాల్లేని పొడుగాటి నటుడు ఆస్టిన్ ట్రెవర్‌ని పెట్టారు. దానికి క్రిస్టీ అభిమానులు ఇప్పటికీ తిట్టుకుంటారు. తిట్టుకోవడానికైనా ఆ సినిమా చూడాలని నా కోరిక. 1935లో డ్యాన్స్ బ్యాండ్ సినిమా, యుద్ధం రోజుల్లో గూఢచారి సినిమాలు, చివరికి 1955, 56ల్లో మిస్టర్ పేస్ట్రీ అనే హాస్యపాత్రతో కామెడీలు, ఇలా ఏది ఇస్తే అది తీసుకుంటూ పోయాడు. పేరు రాలేదు. పెట్టె మీద మొదటిసారి ఆయన పేరు పెద్దక్షరాల్లో చూసి నేను సంతోషపడ్డాను. లోపల సగం వేరేవాళ్ళ సినిమాలు కుక్కి ఆ పేరు కూడా పాడుచేశారు.

ఇంకో మాట. నేను మీకు నిన్నటి కస్టమర్ని కాను. మీకు యాప్ లేని రోజుల్లో, చిన్న కొట్టుగా ఉన్నప్పుడు, 2006లో ట్రయంఫ్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్ వీసీడీ మీ దగ్గరే కొన్నాను. కౌంటర్లో కూర్చునే పెద్దాయన దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తూ, “బొమ్మ సరిగ్గా లేకపోతే రేపు తెచ్చెయ్యండి మాస్టారూ” అన్నారు. బొమ్మ సరిగ్గానే వచ్చింది, అయినా మర్నాడు వెళ్ళి ఆ మాట చెప్పొచ్చాను. అప్పటి నుంచి హిచ్‌కాక్ సెట్టు, మూకీల సెట్టు, మా తమ్ముడికి, అల్లుడికి కానుకలు, అన్నీ మీ దగ్గరే. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్నట్టు చేశారు. జులైలో స్పీడ్ పోస్టులో పంపిన ఉత్తరం మీకు అందినట్టు పోస్టాఫీసు వాళ్ళ రికార్డులో ఉంది. దాన్ని విప్పారో, దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నారో తెలియదు. ఆ పెద్దాయన ఇంకా ఉంటే ఈ ఉత్తరం ఆయనకి ఇవ్వండి. ఆయనకి అర్థమవుతుంది.

డబ్బు నాకు ముఖ్యం కాదు. అయితే ఇప్పుడు డబ్బు కూడా ఇవ్వాల్సిందే, ఫోన్ ఖర్చులతో సహా. ఆ నాలుగు సినిమాలు మీ దగ్గర లేవని రాసిచ్చి, వెబ్‌సైటు నుంచి ఆ ప్రకటన తీసేయాలి. నాలా ఆశపడి ఇంకొకరు కొనకూడదు. ఒకవేళ ఒక్క రీలైనా నిజంగా దొరికి ఉంటే మాత్రం పైన రాసిందంతా వెనక్కి తీసుకుంటాను, రైలెక్కి వచ్చి మీ ఆఫీసులో స్వీట్లు పంచుతాను. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. ఆ హెల్ప్‌లైన్ నంబరు 1915. ట్రయంఫ్ సినిమాకి మూలమైన వ్యాలీ ఆఫ్ ఫియర్ నవల పుస్తకంగా వచ్చిన సంవత్సరం కూడా అదే, కాబట్టి నేను మర్చిపోయే ప్రమాదం లేదు.

ఫోన్ చేసేవాళ్ళు సాయంత్రం నాలుగు దాటాక చేయండి. మధ్యాహ్నం పడుకుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్
(ఆర్డర్ నంబరు మీ దగ్గర ఐదుసార్లు నమోదై ఉంది)

తా.క.: అట్ట వెనక ‘వాట్సన్ పాత్రలో జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్’ అని అచ్చువేశారు. హోమ్స్ మిత్రుడు వాట్సన్‌గా వేసినాయన ఆస్ట్రేలియాలో పుట్టిన నటుడు, వేరే ఇయాన్ ఫ్లెమింగ్. స్లీపింగ్ కార్డినల్ వచ్చేనాటికి బాండ్ రచయితకి పాతికేళ్ళు కూడా నిండలేదు. దీనికి టికెట్ రైజ్ చేయకండి, అచ్చు సరిచేయండి చాలు.