సున్నా బై పదిహేడు

అయ్యా,

మీ ఆదివారం అనుబంధం వచ్చి పన్నెండు రోజులైంది. ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం ఉంది. మా చెల్లెలు జాకెట్లు కుడుతుంది, కటింగ్ కొలతలకు పాత పేపర్లు వాడుతుంది. మొన్న మీ గులాబీ రంగు పేజీ మీద కత్తెర పెట్టబోతుంటే రొమ్ము క్యాన్సర్ అన్న మాట కనబడి లాక్కుని చదివాను. చికిత్స గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: గడ్డతో పాటు చంకలోని లింఫు గ్రంథులను కూడా తొలగిస్తారట. అంతే. అక్కడ చుక్క పెట్టేసి, క్యాబేజీ తినండి అంటూ తర్వాతి పేరాలోకి వెళ్లిపోయారు.

ఆ చుక్క దగ్గరే మా ఇంటి కథ మొదలవుతుంది. రెండేళ్ల కిందట చెల్లెలికి కుడి రొమ్ములో ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ తేలింది. చంకలో చేతికేమీ తగల్లేదు, అల్ట్రాసౌండ్‌లోనూ ఏమీ కనబడలేదు. ఆస్పత్రి పేరు రాయను, రాసినా మీరు వేయరు. గడ్డ తీశారు, చంక మొత్తం ఖాళీ చేశారు. డిశ్చార్జి కాగితంలో 0/17 అని ఉంది. 17 గ్రంథులు తీసి చూస్తే ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదని అర్థమట. డాక్టరుగారు "గుడ్ న్యూస్ అమ్మా" అన్నారు. మేమూ సంబరపడి వార్డులో స్వీట్లు పంచాం. ఎనిమిది నెలలకు చెయ్యి వాచింది. గాజులు కోయించాల్సి వచ్చింది. ఇప్పుడు తన జాకెట్టు తను కుట్టుకునేటప్పుడు కుడి చేతికి రెండంగుళాలు వదులు పెట్టుకుంటోంది. అరగంట మిషన్ తొక్కితే చాలు, చెయ్యి బరువెక్కిపోతుంది. పెళ్లిళ్ల సీజన్లో వచ్చిన గుడ్డలు వచ్చినట్టే వెనక్కి పంపింది.

ఏమీ లేనప్పుడు 17 ఎందుకు తీశారండీ అని అడిగాను. "తీస్తే గానీ తెలియదు కదా మాస్టారూ" అన్నారు. చాలా రోజులు నేనూ నమ్మాను.

నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన కుర్రాడొకడు ఇప్పుడు సర్జన్. వాడు చెప్పాడు: రొమ్ము నుంచి వచ్చే లింఫు ద్రవం చంకలో ముందుగా ఒకటి రెండు, మహా అయితే మూడు నాలుగు గ్రంథుల్లోకి చేరుతుంది. క్యాన్సర్ పాకినా మామూలుగా మొదట వాటికే తగులుతుంది. ఆపరేషన్ సమయంలో రొమ్ములోకి నీలి మందు ఎక్కించి కాసేపు ఆగితే, చంకలో నీలంగా మారినవే ఆ కాపలా గ్రంథులు. మత్తులో ఉండగానే వాటిని తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు, అంటే ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్షకు పంపుతారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోరు. దీన్నే సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటారట. "తర్వాత మూత్రం ఆకుపచ్చగా వస్తుంది సార్, ముందే చెప్పకపోతే పేషెంట్లు హడలిపోతారు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పోనీ ఇది నిన్నగాక మొన్న వచ్చిన పద్ధతా? అమెరికా, కెనడాల్లో 5,600 మందికి పైగా మహిళలు చేరిన పరిశీలన ఫలితాలు 2010లోనే వచ్చాయి. కాపలా గ్రంథుల్లో క్యాన్సర్ లేనివాళ్లకు చంక ఖాళీ చేసినా, చేయకపోయినా ఆయుష్షులో తేడా రాలేదు. మరుసటి ఏడాది మరొకటి వచ్చింది. ఒకటి రెండు కాపలా గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లకు మొత్తం తీయనక్కర్లేదని తేలింది. పదేళ్ల లెక్కలు 2017లో వచ్చాయి, అవీ అదే చెప్పాయి. 2023లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లయితే, రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి అల్ట్రాసౌండ్‌లో చంక బాగున్నవాళ్లకు ఆ కాపలా గ్రంథిని తీయడం కూడా మానేసి చూశారు. ఐదేళ్లలో ఫలితం ఏమీ తగ్గలేదు. అక్కడ ఒక్కటి తీయాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే ఇక్కడ మేం 17 లెక్కపెట్టి లడ్డూలు పంచాం.

చంకంతా తీస్తే చేతి నుంచి లింఫు ద్రవం పోయే దారి దెబ్బతిని, సుమారు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుందట. కాపలా గ్రంథుల వరకే తీస్తే ఇరవై మందిలో ఒకరికి. ఈ లెక్క ఆపరేషన్‌కు ముందు మాకెవరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉందేమో తెలియదు, అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. పురుగుమందు డబ్బాతో ఇచ్చే కాగితంలో కూడా తెలుగు ఉంటుంది సార్.

పరికరాలు లేవంటారు. రేడియోధార్మిక మందు ఎక్కించి కాపలా గ్రంథిని పట్టుకునే గామా ప్రోబ్ అనే పరికరం ఖరీదైనదే, ఒప్పుకుంటాను. కానీ ఆ నీలి మందుగా వాడే మిథిలీన్ బ్లూ చవక. పరికరాలు లేని చోట చంక కింది భాగంలోని గ్రంథులు కొన్ని మాత్రం తీసి చూసే పద్ధతిని ముంబై టాటా ఆస్పత్రి వాళ్లు పరీక్షించి, పనికొస్తుందని ఏనాడో రాశారు. గడ్డ ముదిరి, చంకలో బిళ్లలు కట్టాక వచ్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లలో చాలామందికి మొత్తం తీయక తప్పదు. నేనడిగేది తొందరగా వచ్చినవాళ్ల గురించి. తొందరగా రండి, తొందరగా రండి అని రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల పేరుతో అక్టోబర్ అంతా మైకులో అరిచేది మీరే కదా! గులాబీ టీషర్టులు, నడక, ఫ్లెక్సీ మీద పాతిక మొహాలు, ముఖ్య అతిథి రెండు గంటలు లేటు. మా చెల్లెలు వెళ్లింది కూడా. వాచిన చేతికి వేసుకునే ఎలాస్టిక్ తొడుగు ఎక్కడ దొరుకుతుందని అక్కడ అడిగితే చేతిలో మజ్జిగ ప్యాకెట్ పెట్టారు.

పేపర్లు కూడా ఒకప్పుడు ఇలా ఉండేవి కావు. ఆరోగ్యం శీర్షికలో ఒక్క ముక్క తప్పు పడినా మర్నాడు సవరణ వచ్చేది. ఇప్పుడు వార్త ఎక్కడ ఆగి ఆస్పత్రి ప్రకటన ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి కళ్లజోడు మార్చాల్సి వస్తోంది.

దయచేసి అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఇంకొక్క మాట వేయండి: చంకలో ఏమీ తగలనివాళ్లు ఆపరేషన్‌కు ముందే "కాపలా గ్రంథి పరీక్ష చేస్తారా, చేయకపోతే ఎందుకు చేయరు" అని అడగాలని. క్యాబేజీ పేరా తీసేస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
తెనాలి