కాలనీ సంక్షేమ సంఘం, కర్నూలు: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మురుగు కాలువల పూడికతీత, పార్కు ప్రహరీ మరమ్మతు, సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి, చూసుకోగలరు. వీధి కుక్కల సమస్య మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. వచ్చే కార్యవర్గానికి ఆ వారసత్వం తప్పేలా లేదు.

ఈసారి నివేదికలో ఎక్కువ భాగం సౌర విద్యుత్తుకే ఇచ్చాను. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. "రాయితీలు ఇస్తున్నామని ప్రభుత్వం చెబుతోంది, మన ఊళ్లో ఎండకు కొదవ లేదు. మరి మన మిద్దెల మీద నీళ్ల ట్యాంకులు తప్ప ఏమీ కనిపించవేం?" దానికి జవాబు వెతకడమే ఈ ఏడాది కార్యవర్గం పెట్టుకున్న ప్రధానమైన పని.

రాయితీ ఉంది, మీటరు తాతగారి పేరున ఉంది

ముందు లెక్క చెబుతాను. ఇళ్ల మిద్దెల మీద సౌర ప్యానెళ్ల కోసం 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. ఎంత పెద్దది పెట్టుకున్నా 78,000 దాటదు. దాని మీద మన రాష్ట్రం తన వంతు కలిపింది: ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితం, బీసీ కుటుంబాలకు అదనంగా 20,000 వరకు సాయం. ప్రభుత్వ రంగ బ్యాంకులు హామీ అడగకుండా 2 లక్షల దాకా రుణం ఇస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వేసుకుంటే 3 కిలోవాట్లకు నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి. వేసవి నెలలు పక్కన పెడితే మన కాలనీలో చాలా ఇళ్లకు అది సరిపోతుంది.

ఇంత ఉన్నా పని ముందుకు సాగకపోవడానికి కారణం ఇల్లిల్లూ తిరిగితే గాని తెలియలేదు. ఈ పథకం వెబ్‌సైటు (పోర్టల్)లో దరఖాస్తు పెట్టాలంటే కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే పెట్టాలి, రాయితీ పడేది వాళ్ల బ్యాంకు ఖాతాలోనే. మన కాలనీలో చాలా మీటర్లు స్థలం మొదట కొన్నవాళ్ల పేరున, కాలం చేసిన తండ్రుల, తాతల పేరున ఉండిపోయాయి. బిల్లు కడుతున్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. అన్నదమ్ముల పంపకం కాని ఇళ్లలో ఈ సంగతి కదిలిస్తే పాత తగాదాలన్నీ కదులుతాయి. అందుకే ప్యానెళ్ల ప్రచారం పక్కన పెట్టి మొదట పేరు మార్పిడి శిబిరం పెట్టాం. మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకార పత్రం, ఇంటి పన్ను రసీదు, ఆధార్ జిరాక్సు: బల్ల మీద ఈ నాలుగు కట్టలు కట్టి కూర్చున్న మన కోశాధికారిని చూసి రిజిస్ట్రార్ ఆఫీసు తరలివచ్చిందా అని ఒకరు హాస్యమాడారు. రాయితీ లక్ష రూపాయలకు పెంచినా ఈ కాగితాలు తేలకపోతే ఒక్క ప్యానెల్ కూడా మిద్దె ఎక్కదు.

బల్బు నేర్పిన లెక్క

రెండో అడ్డు ధర. ఒకే సామర్థ్యానికి ఒక్కో ఇంటికి ఒక్కో ధర చెబుతున్నారు. బేరమాడడం వచ్చినవాళ్లకు ఒకటి, రానివాళ్లకు మరొకటి. ఇక్కడ మాకు ఎల్‌ఈడీ బల్బుల కథ దారి చూపింది.

2014 చివర్లో మన రాష్ట్రం పాత బల్బులు తీసుకుని ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒక్కోటి 10 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి విడత జిల్లాల్లో పక్కనున్న అనంతపురం ఒకటి. 2015 జనవరిలో ఇదే దేశమంతటికీ వెళ్లింది, తర్వాత దానికి ఉజాలా అని పేరు పెట్టారు. అప్పట్లో మనం చూసింది పది రూపాయల బల్బునే, దాని వెనక జరిగిన కొనుగోలును కాదు. ఊరూరా, రాష్ట్రం రాష్ట్రం అవసరాన్ని కలిపి ఒకే సంస్థ టెండరు పిలిచేసరికి 2014లో 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. కోట్ల బల్బులకు ఆర్డరు ఖాయమని తెలిశాక తయారీదారులు కొత్త యంత్రాలు పెట్టారు, ధర పడింది. ఈ రోజు కిరాణా కొట్లో ఏ రాయితీ లేకుండా ఎల్‌ఈడీ కొంటున్నాం, పాత గాజు బల్బు అడిగితే కొట్టువాడు వింతగా చూస్తాడు. ప్రభుత్వం ఒక సరుకుకు మార్కెట్ కట్టిందంటే అర్థం ఇదే: అది పక్కకు తప్పుకున్నా అంగడి నడవాలి.

మేమూ చిన్న ఎత్తున అదే చేశాం. డజనుకు పైగా ఇళ్ల అవసరం కలిపి, పోర్టల్‌లో నమోదైన విక్రేతల నుంచి సీలు కవర్లలో ధరలు పిలిచాం. దుకాణానికి ఒంటరిగా వెళ్లినప్పుడు చెప్పిన ధరకూ కవర్లలో వచ్చిన ధరకూ తేడా బాగా కనిపించింది. ధరకన్నా మాకు ముఖ్యమనిపించింది ఒప్పందంలో రాయించిన షరతు: అయిదేళ్ల నిర్వహణ విక్రేతదే, ఫిర్యాదు చేస్తే మూడు రోజుల్లో మనిషి రావాలి. అంతకుముందు మన కాలనీలో ఒకరికి ప్యానెళ్లు బిగించి వెళ్లిన విక్రేత, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి మార్చే ఇన్వర్టర్ ఆగిపోయాక ఫోను ఎత్తడం మానేశాడు. ఆ ఒక్క ఇల్లు చూసి వీధి వీధంతా వెనక్కి తగ్గింది.

మిద్దె మీద

కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలనగానే ఇళ్లలో మొదట వచ్చిన అభ్యంతరం వడియాల గురించి. ఎండు మిరపకాయలు, అప్పడాలు, వడియాలు ఎక్కడ ఆరబెట్టుకోవాలి? మగవాళ్లు నవ్వేశారు గాని అది న్యాయమైన ప్రశ్న. కింద మనిషి తిరిగేంత ఎత్తున ఇనుప చట్రం కడితే ఆ చోటు మిగులుతుంది, కాని చట్రం ఖర్చు పెరుగుతుంది. రాయితీ కిలోవాట్‌ను బట్టే గాని చట్రం ఎత్తును బట్టి రాదు. ఎక్కువమంది ఆ అదనపు ఖర్చు పెట్టుకోవడానికే ఒప్పుకున్నారు. శ్లాబుకు రంధ్రాలు కొట్టనివ్వకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టించాం, వానాకాలంలో ఎవరి మిద్దే కారలేదు.

కొన్ని సంగతులు ముందే తెలిస్తే మంచిది. కరెంటు పోతే సౌర కరెంటూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం ఇన్వర్టర్‌ను అలాగే తయారు చేస్తారు. బ్యాటరీ ఉంటే వేరు. ఎండ వేడి పెరిగే కొద్దీ కరెంటు పెరుగుతుందన్నదీ నిజం కాదు. ప్యానెళ్లకు వెలుతురు కావాలి, వేడి పడదు. అందుకే మే నెల మధ్యాహ్నాల్లో వాటి సామర్థ్యం కొంత తగ్గుతుంది. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి ఉప్పు చారలు కట్టి అద్దం మసకబారుతుంది. మునిసిపల్ కుళాయి నీళ్లు వాడి, పొద్దెక్కక ముందే మెత్తటి గుడ్డతో తుడవండి. కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకండి. నెట్ మీటరులో రెండు అంకెలు మారి మారి కనిపిస్తాయి, మనం వాడింది ఒకటి, గ్రిడ్‌కు పంపింది మరొకటి. తేడాకే బిల్లు, కాకపోతే స్థిర ఛార్జీ ఎప్పుడూ ఉంటుంది. సున్నా బిల్లు వస్తుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి.

గని నుంచి మైలవరం దాకా

వేసవి సెలవుల్లో పిల్లలను గని సౌర పార్కు వైపు తీసుకెళ్లాం. గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది, సుమారు 5,900 ఎకరాలు. పిల్లలు అడిగిన "ఇక్కడే ఎందుకు?" అన్న ప్రశ్నకు ఎండ ఒక్కటే జవాబు కాదు. ఎండ రాయలసీమకు ఎప్పుడూ ఉంది. భూమి సేకరించి, రోడ్డు, సబ్‌స్టేషన్, లైన్లు వేసి, పాతికేళ్లు కరెంటు కొంటామని ప్రభుత్వ సంస్థలు రాసిచ్చాకే కంపెనీలు వచ్చాయి. జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో 2010లో యూనిట్ కనిష్ఠ ధర 10.95 రూపాయలు. 2015 నవంబరులో ఇదే గని పార్కు వేలంలో 4.63కు పాడారు, అప్పటికి దేశంలో అదే రికార్డు. ఆ పాట పాడిన సన్‌ఎడిసన్ కంపెనీ మరుసటి ఏడాదే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, ఇక్కడి ఆస్తులు గ్రీన్‌కో అనే మరో కంపెనీ చేతికి వెళ్లాయి. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా మైలవరం పార్కుకు పాట 3.15 దగ్గర ఆగింది, అదీ అప్పటికి రికార్డే.

అయితే మాట నిలవకపోతే ఏమవుతుందో కూడా మన రాష్ట్రమే చూసింది. పాత ఒప్పందాల ధరలు డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) భారమంటూ 2019లో ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్ ధరలు తగ్గించుకోవాలని సంప్రదింపుల కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెళ్లాయి. మధ్యలో యూనిట్‌కు గాలికి 2.43, సౌరానికి 2.44 తాత్కాలికంగా ఇచ్చారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందంలోని ధరే చెల్లించాలంది. ఎవరిది న్యాయమన్నది ఈ నివేదిక తేల్చేది కాదు. అధిక ధర భారం చివరికి మన బిల్లులోనే పడుతుందన్న వాదనలోనూ పస ఉంది. కానీ ఇల్లిల్లూ తిరిగినప్పుడు పెద్దవాళ్లు అడిగిన ప్రశ్న కూడా ఇదే: "ఇప్పుడు పెట్టుకుంటాం, రేపు నెట్ మీటరు నిబంధన మార్చేస్తే?" 2024 అక్టోబరులో రాష్ట్రం తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది. అంత పెద్ద అంకెలకైనా, మూడు కిలోవాట్ల మిద్దెకైనా కావలసింది ఇచ్చిన మాట నిలుస్తుందన్న ఆ ఒక్క భరోసానే.

సభ ముందుకు తెస్తున్న ప్రతిపాదనలు

కరెంటు ధరలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం ఇప్పుడు మన ఊళ్లోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. టారిఫ్ మీద మండలి అభ్యంతరాలు పిలిచినప్పుడు మామూలు వినియోగదారు కూడా రాసి ఇవ్వవచ్చు, విచారణలో మాట్లాడవచ్చు. ఇప్పటికే నెట్ మీటరు పెట్టుకున్న ఇళ్లకు తర్వాత వచ్చే మార్పులు వర్తించకూడదని, మీటరు బిగింపునకు గడువు దాటితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని ఈసారి సంఘం తరఫున అడగాలని కార్యవర్గం భావిస్తోంది. మన సభ్యుల్లో కొందరికి ప్యానెళ్లు బిగించాక వారాల తరబడి మీటరు రాక, అవి మిద్దె మీద ఊరికే పడి ఉన్నాయి.

అపార్టుమెంట్ల సభ్యులు తమకేమీ లేదని అలిగారు. ఉంది: లిఫ్టు, నీళ్ల మోటార్లు, మెట్ల దీపాలు, వాహనాల ఛార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాలకు నివాస సంఘాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున రాయితీ వస్తుంది. నిర్వహణ రుసుములో పెద్ద వాటా ఈ కరెంటుదే కాబట్టి, మొదట ఏ బ్లాకు ముందుకొస్తే దానికి ధరలు పిలిచే పని సంఘమే చేస్తుంది. బ్లాకు తీర్మానం ప్రతి, మిద్దె కొలతలు, గత పన్నెండు నెలల ఉమ్మడి మీటరు బిల్లులు జతచేసి ఇవ్వాలి.

పేరు మార్పిడి ఇంకా మిగిలిన ఇళ్లవాళ్లు ఆదివారం ఉదయం సంఘం కార్యాలయానికి కాగితాలు తెచ్చుకోవచ్చు. వారసులందరి సంతకాలూ అయ్యాకే రండి, కోశాధికారి ఇప్పటికే మూడు కుటుంబాల పంచాయతీలు విని విసిగిపోయి ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి