రోకలి, పంచాంగం, ఒకే క్లాసు

సంపాదకులకు నమస్కారం. కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మతాన్నీ సైన్సునూ డిగ్రీలో కలిపి చెప్పాలా వద్దా అన్న విషయంలో నాకు జరిగింది రాస్తున్నాను.

2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం. అమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. బీఎస్సీ చదివే మా మేనకోడలు దాన్ని ఫొటో తీసి, గ్రహణం పట్టింది కాబట్టే నిలబడిందని స్టేటస్ పెట్టుకుంది. గరిమనాభి (వస్తువు బరువంతా పనిచేసినట్టుండే బిందువు) పాఠంలో ఆ పిల్లకి మంచి మార్కులే వచ్చాయి!

వారం తర్వాత అదే రోకలి, అదే పళ్లెం కాలేజీకి పట్టుకెళ్లి బల్ల మీద నిలబెడితే చక్కగా నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు కానీ వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి పంచాంగంలో గ్రహణం టైము ముందే ఎలా వేశారు సార్?" అంది.

దానికి జవాబు నా సిలబస్‌లో లేదు, సంస్కృతం మాస్టారి సిలబస్‌లోనూ లేదు. చంద్రగ్రహణం అంటే భూమి నీడేనని క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు రాశాడు, రాహుకేతువుల కథా ఆగలేదు, పంచాంగం రాసేవాళ్లు కథను కాదనకుండానే లెక్క మాత్రం లెక్కలాగే వేసుకున్నారు. ఇదంతా పిల్లలకు ఎవరు చెప్పాలి? కుంభమేళా అయినా పుష్కరాలైనా గురుడు ఉన్న రాశిని బట్టే వస్తాయి. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 12 కాదు, 11.86 ఏళ్లు పడుతుంది, 2010 తర్వాత హరిద్వార్ కుంభమేళా 2021లోనే వచ్చిందంటే అందుకే. రంజాన్ నెలవంక, ఈస్టర్ తేదీ కూడా చంద్రుడితో ముడిపడ్డవే కదా.

అలాగని అన్నీ వేదాల్లోనే ఉన్నాయని చెప్పే పేపరు పెడితే మాత్రం నేను ఒప్పుకోను, భక్తిని వెక్కిరించే పేపరూ వద్దు. 2015 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో నాన్నకి పిండం పెట్టాను. గురుడి కక్ష్య నాకు కంఠతా వచ్చు, అయినా ఆ ముద్ద నీళ్లలో వదిలేటప్పుడు చెయ్యి వణికింది. ఆ వణుకు గురించి మాట్లాడటం నాకు రాదు, సంస్కృతం మాస్టారికి వచ్చు. అందుకే ఇద్దరం ఒకే క్లాసులో నిలబడి చెప్పాలంటున్నాను.

2027లో మళ్లీ పుష్కరాలు. ఆలోపు డిగ్రీ పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు ఇలా కేటాయించమని అధికారులను అడుగుతున్నాను. మాస్టారు సరేనన్నారు, నేనూ సిద్ధమే.

ఒక ఫిజిక్స్ లెక్చరర్, అమలాపురం