అతిథులు వెళ్లిపోయాక కూడా మేం ఇక్కడే ఉంటాం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో బొమ్మలు వేసుకుంటూ, పిల్లలకి బొమ్మలు నేర్పుకుంటూ బతుకుతున్న చిత్రకారుణ్ణి. కళాకారుల నుంచి మీకు వినతిపత్రాలు వస్తూనే ఉంటాయి. పింఛన్ల గురించి, గుర్తింపు కార్డుల గురించి, పెండింగులో ఉన్న బిల్లుల గురించి. అవన్నీ న్యాయమైనవే. నేను రాస్తున్నది మాత్రం ఈ ఊళ్లో కళకి ఎప్పుడు పని దొరుకుతోంది, ఎవరి కోసం దొరుకుతోంది అన్న సంగతి. ఇది ఊరందరికీ సంబంధించింది కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

2016లో ఇక్కడ అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. 2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సు, అదే నెలాఖరున జీ20 సమావేశం. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రధాని వచ్చారు. ఇలాంటివి జరిగే ముందు నగరం ముస్తాబవుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారి, బీచ్ రోడ్డు, ఫ్లైఓవర్ స్తంభాలు, కొండ వాలున కట్టిన గోడలు, అన్నిటి మీదా బొమ్మలు పడతాయి. ఆ నాలుగు రోజులూ మాకు ఫోన్లే ఫోన్లు. ‘ఎంతమంది కుర్రాళ్లున్నారు? ఎల్లుండి పొద్దున్నకల్లా అయిపోవాలి’ అంటారు. అతిథులు విమానం ఎక్కాక ఆ ఫోన్లు ఆగిపోతాయి. మళ్లీ ఇంకో అతిథి వచ్చేదాకా ఈ నగరానికి చిత్రకారుడితో పనుండదు.

పని దొరికినందుకు సంతోషమే. ఇల్లు గడవాలి కదా. అయితే ఆ పని ఎలా నడుస్తుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. చదరపు అడుగుకి ఇంతని టెండరు పిలుస్తారు. పాడుకున్నాయన ఇంకొకరికి ఇస్తాడు, ఆయన మాకు ఫోన్ చేస్తాడు. చేతులు మారుతూ వచ్చేసరికి బ్రష్ పట్టుకున్నవాడి దాకా వచ్చేది దినకూలీ. బొమ్మ కింద పేరు రాసుకోవడానికి వీల్లేదు. మా ఊరి పాత పెయింటర్లు సోడా కొట్టు బోర్డు రాసినా కింద మూలన చిన్నక్షరాలతో పేరు వేసుకునేవారు. ఇవాళ ముప్పై అడుగుల గోడ నింపినా ఎవరు వేశారో తెలియదు.

సముద్రం ఒడ్డు గోడ సంగతి వేరు. ఇక్కడి ఉప్పు గాలి ఇనుముని తినేస్తుంది, రంగు దానికి ఓ లెక్క కాదు. ఇలాంటి గోడ మీద బొమ్మ నిలవాలంటే ముందు పాత సున్నం పెచ్చులు గీకాలి. మంచినీళ్లతో కడిగి, ఉప్పు పోయేదాకా మళ్లీ కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. బీటల్లో లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, అప్పుడు బయటి గోడలకి వాడే ఎమల్షన్‌తో బొమ్మ వెయ్యాలి. పైన ఒక కోటు క్లియర్ వేస్తే ఇంకా మంచిది. ఆరడానికే రోజులు పడుతుంది. ఎల్లుండి పొద్దున్నకి అయిపోవాలన్నప్పుడు ఇవేవీ కుదరవు. తడి సున్నం మీదే రంగు కొట్టేస్తాం. మొదటి వానలకి పొక్కులు లేస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి కూచిపూడి నర్తకి చెంప పెచ్చులుగా ఊడి కాలవలో పడుతుంది. ఆ దారిన పోయేవాళ్లు మన ఆర్టిస్టులకి పని రాదనుకుంటారు. మీ ఖజానాకీ నష్టమే, ఎందుకంటే వచ్చే సదస్సుకి అదే గోడకి మళ్లీ అదే ఖర్చు.

ఏం వెయ్యాలో కూడా మమ్మల్ని అడగరు. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం, కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఓసారి ఒక పనికి ‘గిరిజన కళ’ అని డిజైన్ పంపారు. తెరిచి చూస్తే అవి వార్లీ బొమ్మలు. రెండు త్రికోణాలు మొనకి మొన ఆనించి మనిషిని గీసే పద్ధతి అది. మహారాష్ట్రలో ఠాణే, పాల్ఘర్ వైపు గిరిజనులది. గొప్ప కళే, నాకు చాలా ఇష్టం. కానీ విశాఖ గోడ మీద మన గిరిజనుల పేరుతో అదెందుకు వెయ్యాలి? ఇక్కణ్ణించి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి సీతంపేట కొండలకి చేరతాం. అక్కడ సవర అనే గిరిజనుల ఇళ్లలో వాళ్ల బొమ్మలున్నాయి. ఎర్రమట్టి పూసిన లోపలి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. పెద్దల ఆత్మల కోసమనో, పంట బాగుండాలనో, ఇంట్లో జబ్బు పోవాలనో వేస్తారు. అందం కోసమని ఊరికే వెయ్యరు.

వాళ్ల పద్ధతి చూస్తే నాలాంటివాడికి నేర్చుకోవలసింది ఎంతో ఉంటుంది. ముందు చుట్టూ చట్రం గీస్తారు. ఆ అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. సూర్యుడు, చంద్రుడు, చెట్టు, ఏనుగు, గుర్రం మీద మనిషి, వరసగా నడిచే జనం. మనుషులు సన్నగా, పొడుగ్గా ఉంటారు, వార్లీలో ఉన్నంత మొనదేలిన త్రికోణాలు కనపడవు. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా పట్టేస్తారు. ఆఫీసులో ఇంటర్నెట్ నుంచి దించిన బొమ్మ ప్రింటు తీసి ఇచ్చేవారికి ఆ తేడా చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగిన సవర చిత్రకారులు ఆ కొండల మీదే ఉన్నారు, వాళ్లకి ఫోన్ వెళ్లదు. వాళ్లని పిలిచి, మర్యాదగా బస ఇచ్చి, ఏ బొమ్మ బయట వెయ్యవచ్చో ఏది ఇంటి లోపలే ఉండాలో వాళ్లనే అడిగి, ఒక్క గోడ వేయించండి. ఆ గోడ కింద వాళ్ల పేర్లు రాయించండి. ఈ నగరానికి వచ్చే విదేశీయుడి కన్నా ముందు ఇక్కడ చదువుకుంటున్న సవర పిల్లలు ఆ గోడ చూస్తారు.

జానపద కళాకారుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర సొత్తు. గుండెకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, పాడుతూ ఎగురుతూ, మనిషి మీద మనిషి నిలబడుతూ ఆడే ఆట అది. గంటసేపు ఆడితే ఒళ్లంతా చెమట. అరకు వైపు నుంచి థింసా ఆడే ఆడవాళ్లు వస్తారు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, వంకీలు తిరుగుతూ ఒకే అడుగు వేసే ఆట. కాన్వాయ్ వెళ్లే రోజున వీళ్లని పొద్దున్నే రోడ్డు పక్కన నిలబెడతారు. కార్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఎండలో గంటలకొద్దీ అలాగే ఉండి, కార్లు కనపడగానే మొదలుపెట్టాలి. అద్దాలు ఎత్తిన కార్లు రెండు నిమిషాల్లో దాటిపోతాయి. ఆ ఆటని కూర్చుని చూడాల్సినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ నిండా జనమే. అక్కడ ఒక చిన్న వేదిక మీద, ముందే చెప్పిన టైముకి, నెలనెలా ఆడించవచ్చు కదా? మంత్రి గారూ, దయచేసి కళాకారులని రోడ్డు పక్కన నిలబెట్టే పద్ధతి ఆపించండి. మీ కాన్వాయ్‌తోనే మొదలుపెట్టండి.

మెమెంటోల గురించి కూడా ఒక మాట. ఇక్కడ ప్రతి సభలోనూ శాలువా కప్పి, బంగారు రంగు పూసిన ఒక ప్లాస్టిక్ వస్తువు చేతిలో పెడతారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక ఎంత దూరం? అక్కడ అంకుడు కర్రని తరిణి మీద, అంటే కర్రని గిర్రున తిప్పే యంత్రం మీద, తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు తేలుతుంది. ఆ లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఆ బొమ్మలే. ఇంత గుర్తింపు వచ్చాక కూడా మన సభల్లో ప్లాస్టిక్ ఎందుకు? బొబ్బిలి వీణ నమూనాలున్నాయి, బూడితి ఇత్తడి చెంబులున్నాయి. ప్రభుత్వ సభల్లో ఇచ్చే జ్ఞాపికలు వీళ్ల దగ్గరే కొనాలని ఒక ఉత్తర్వు ఇస్తే, ఏడాది పొడవునా ఆర్డర్లుంటాయి. తరిణి దగ్గర కూర్చోబోయే కుర్రాడికి అది ఏ సన్మానం కన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఎవరూ పట్టించుకోకపోయినా ఈ ఊళ్లో కళ బతికే ఉంది. చూడాలంటే ఏప్రిల్ 15 తర్వాత ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. చెక్కకి బీటలు పూడ్చి, గీకి, రంగులేసుకునే కాలం అది. బోటు ముక్కున అమ్మవారి పేరు రాసే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఒకప్పుడు జగదాంబ దగ్గర సినిమా బ్యానర్లు వేసిన చెయ్యి అది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, హార్బర్‌కి వచ్చారు. సుద్ద రాసిన దారం రెండు కొసలా లాగి పట్టి టప్పున వదిలితే చెక్క మీద తెల్లగీత పడుతుంది. ఆ గీత మీద అక్షరం కూర్చోబెడతారు. బోటు ముక్కు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అక్షరాలన్నీ ఒకే కొలత వేస్తే దూరం నుంచి చివరివి చిన్నగా కనిపిస్తాయి. అందుకని వంపులో పడే అక్షరాలు కాస్త వెడల్పుగా రాస్తారు. తలకట్టు చివర బ్రష్‌ని వేళ్ల మధ్య తిప్పి ఎత్తేస్తే సన్నటి తోక వస్తుంది. ఆ తోక ఏ కంప్యూటర్ ఫాంట్‌లోనూ నాకు కనిపించలేదు. ఆయన దగ్గర నేర్చుకునే పిల్లలు ఇప్పుడు లేరు. నగరంలో వీధి పేర్ల బోర్డులు, పార్కుల బోర్డులు, బడుల పేర్లు వందల కొద్దీ అవసరం. వాటిలో కొన్నయినా చేత్తో రాయించి, పక్కన ఇద్దరు కుర్రాళ్లని స్టైపెండ్ ఇచ్చి కూర్చోబెడితే ఆ విద్య ఇంకో తరం నిలుస్తుంది.

ఇక మాకు చోటు. మా దగ్గర నేర్చుకునే పిల్లలు ‘మన ఊళ్లో పెయింటింగులు ఎక్కడ చూడొచ్చు సార్?’ అనడుగుతారు. జలాంతర్గామి చూడాలంటే బీచ్ రోడ్డులో కురుసుర ఉంది, ఎదురుగానే విమానం ఉంది, విశాఖ మ్యూజియం ఉంది. పెయింటింగులకి మాత్రం, ఏ రోజైనా వెళ్లు, ఫలానా చోట ఉంటాయని ధీమాగా చెప్పలేకపోతున్నాను. హాలు అద్దెకి తీసుకుని రెండు మూడు రోజులు ప్రదర్శన పెట్టుకుంటాం, విప్పేసి ఇంటికి తెచ్చుకుంటాం. మూడు పదులు నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు గారి బొమ్మలు ఇవాళ కూడా రాజమహేంద్రవరంలో ఆయన పేరున్న గ్యాలరీలో చూడగలుగుతున్నాం. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు గారు ఎంతమందికో బొమ్మలు నేర్పారు. ఉత్తరాంధ్రలో ఇలా పనిచేసి వెళ్లిపోయినవాళ్ల చిత్రాలు చాలామంది ఇళ్లలో అటకల మీద, ఈ సముద్రపు తేమలో బూజు పడుతున్నాయి. వన్‌టౌన్‌లో పాత కట్టడాలున్నాయి. వాటిలో ఒకదాన్ని చిత్రకళకి ఇవ్వండి. కొత్త భవనం అక్కర్లేదు. తేమ పట్టని గది, సరైన దీపాలు, బొమ్మల బాగోగులు తెలిసిన ఒక ఉద్యోగి, వారమంతా తెరిచి ఉండే తలుపు ఉంటే చాలు.

బడుల సంగతి మీ శాఖ కిందకి రాదని తెలుసు. అయినా మీరు అడిగితే విలువుంటుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకి పార్ట్‌టైమ్ టీచరు ఉండాలని. మరోపక్క డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టీచరు శిక్షణ టీటీసీ కూడా చేసి పెయింట్ షాపుల్లో పనిచేస్తున్న కుర్రాళ్లు నాకు తెలుసు. గోడల కోసం సదస్సుకి సదస్సుకీ పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లినా, ఆ కుర్రాళ్లు బడుల్లో ఉంటారు.

ఇవన్నీ ఒకేసారి అయ్యేవి కావని తెలుసు. ముందు ఒక సమావేశం పిలవండి. సన్మానాలు, శాలువాలు వద్దు. పెద్ద పేరున్న ఆర్టిస్టులతో పాటు బోటు మీద పేర్లు రాసేవాళ్లని, తప్పెటగుళ్ల బృందాలని, సవర చిత్రకారులని, ఏటికొప్పాక వాళ్లని పిలవండి. గోడల టెండరు నిబంధనలు రాసే ఇంజినీర్లు కూడా ఆ గదిలో ఉండాలి. గోడకి ఎన్ని రోజులు ఆరబెట్టాలి, బ్రష్ పట్టినవాడికి ఎంత చేతికి రావాలి, పేరు ఎక్కడ రాయాలి, మూడేళ్ల దాకా బాగు చేసే బాధ్యత ఎవరిది అన్నవి అక్కడికక్కడే రాసుకోవచ్చు. వీళ్లలో చాలామంది రోజు కూలీ మీద బతికేవాళ్లు. ఆ రోజు వాళ్ల కూలీ, రానుపోను ఛార్జీలు ఆ సాయంత్రమే చేతికి ఇప్పించండి.

భవదీయుడు,
ఒక చిత్రకారుడు,
విశాఖపట్నం