రెండు జట్లూ వెళ్ళిపోయిన ఊరి నుంచి

సెయింట్ లూయిస్

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా దసరా, దీపావళి రెండూ దాటించేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, ఉద్యోగం ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్లుంది, చిన్నదానికి ముందు పళ్ళు ఊడిపోయాయి, మంచు పడుతోంది. మిగిలిన కబుర్లు మరోసారి రాస్తాను. గత ఆదివారం పక్కింట్లో చూసినది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేటట్లు లేదు. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సి ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిందని నువ్వు పేజీల నిండా తిట్లు రాసి పంపావు గదా, ఈ సంగతి నీకు అర్థమైనంతగా మన వాళ్ళలో ఇంకెవరికీ అర్థం కాదు.

మేముండే ఈ ఊరు అమెరికన్ ఫుట్‌బాల్ జట్లను ఒకటి కాదు, రెండింటిని పోగొట్టుకుంది. 1960లో షికాగో నుంచి వచ్చిన కార్డినల్స్ ఇక్కడ 28 సీజన్లు ఆడి 1988లో అరిజోనాకు వెళ్ళిపోయింది. 1995లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన రామ్స్ 2016లో మళ్ళీ లాస్ ఏంజెలెస్‌కే వెళ్ళిపోయింది. విధి చేసిన తమాషా ఏమిటంటే, ఆ రెండు జట్లూ ఇప్పుడు ఒకే విభాగంలో ఉన్నాయి కాబట్టి ఏటా రెండుసార్లు ఒకదానితో ఒకటి తలపడక తప్పదు. ఆదివారం ఆ ఆటే ఉంది, చూడడానికి రమ్మని పక్కింటాయన పిలిచాడు. పెద్దాయన, ఆయన కొడుకు, ఇంటర్మీడియెట్ వయసున్న మనవడు ఒకే ఇంట్లో ఉంటారు. ముగ్గురూ ఒకే సోఫాలో కూర్చున్నారు గాని ముగ్గురి మనసులూ మూడు ఊళ్ళలో ఉన్నాయి.

పెద్దాయన కార్డినల్స్ వైపు. నేను నోరు తెరిచాను. 1988లో విడిచిపెట్టి వెళ్ళిన జట్టును ఇంకా పట్టుకుని వేలాడడమేమిటి? ఆయన లెక్క వేరు. డాన్ కోరియెల్ శిక్షణలో 1974లోనూ 1975లోనూ ఆ జట్టు ఆఖరి నిమిషాల్లో ఆటలు గెలుస్తూ ఊరందరి గుండెలనూ గొంతులోకి తెచ్చిన కాలంలో ఆయన కుర్రవాడు, జిమ్ హార్ట్ విసిరిన బంతుల గురించి మాట్లాడేటప్పుడు ఆయన కుడి భుజం దానంతట అదే లేస్తుంది. అంత చేసీ ఆ జట్టు ఇక్కడున్న 28 ఏళ్ళలో సొంత ఊళ్ళో ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా ఆడలేదు. అంటే మన పెద్దాయన దక్కినదాన్ని కాదు, దక్కనిదాన్ని ప్రేమిస్తున్నాడన్నమాట, అచ్చం మన రెండో గేటు కథానాయకుడిలాగే. (నవ్వకు, వాడిప్పుడు కరీంనగర్‌లో పెద్ద హోదాలో ఉన్నాడట.)

కొడుకుది వేరే గాయం. రామ్స్ 2000 జనవరి 30న సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచినప్పుడు ఆయనకు నిండు యవ్వనం. అంతకు కొన్నేళ్ళ ముందు అయోవాలో కిరాణా దుకాణం అరల్లో సరుకులు సర్దిన కర్ట్ వార్నర్ అప్పుడు జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. ఆఖరి క్షణంలో టెన్నెసీ ఆటగాడు కెవిన్ డైసన్ గోల్ గీతకు గజం దూరంలో ఉండగా రామ్స్ ఆటగాడు మైక్ జోన్స్ అతడి కాళ్ళు పట్టేశాడు. డైసన్ బంతిని చాచిన చేయి గీతను అందుకోలేదు, 23-16తో కప్పు మాది. దీన్ని ఆయన నోటితో చెప్పి ఊరుకోలేదు. తివాచీ అంచును గోల్ గీతగా చేసి, టీవీ రిమోట్‌ను బంతిగా పట్టుకుని, తాను డైసన్‌లా నేల మీద సాగి పడుకుని, నన్ను తన మోకాళ్ళు పట్టుకోమన్నాడు. నేను పట్టుకున్నాను. నా బరువు నీకు తెలుసు గనుక తరువాత ఏం జరిగిందో నేను రాయను.

ఆయన రామ్స్‌ను ద్వేషిస్తాడనుకుంటే పొరపాటు. ఆయన కోపమంతా యజమాని స్టాన్ క్రోంకీ మీద. క్రోంకీ పరాయివాడు కాదు, ఇదే మిజోరీ రాష్ట్రంలో పుట్టినవాడు. అతడి పూర్తి పేరైన ఈనస్ స్టాన్లీ కూడా ఈ ఊరి బేస్‌బాల్ వీరులు ఈనస్ స్లాటర్, స్టాన్ మ్యూజియల్‌ల మీద అభిమానంతో తల్లిదండ్రులు పెట్టుకున్నది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనమంటాము గాని, ఇక్కడివాళ్ళు కోర్టుకెక్కి మరీ పట్టుకున్నారు. స్టేడియం ఒప్పందంలో, పదేళ్ళకొకసారి అది దేశంలోని స్టేడియాలలో మొదటి పావు వంతులో నిలవకపోతే జట్టుకు కట్టుబాటు సడలుతుందన్న షరతు ఒకటి ఉండేది. జట్టును రప్పించాలన్న ఆత్రంలో ఒప్పుకున్న ఆ షరతే చివరికి తలుపు తెరిచి పెట్టింది. 2016 జనవరి 12న తోటి యజమానులు 30-2 ఓట్లతో తరలింపుకు అనుమతినిచ్చారు. నగరమూ కౌంటీ వేసిన దావా 2021 నవంబరులో 79 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. డబ్బు వచ్చింది గాని, ఆదివారాలు రాలేదని ఆయన గొణిగాడు.

2022 ఫిబ్రవరిలో రామ్స్ లాస్ ఏంజెలెస్‌లో కప్పు గెలిచినప్పుడు ఏం చేశావని అడిగాను. సెయింట్ లూయిస్ కాలంలో, 2014లో, జట్టులోకి వచ్చిన ఏరన్ డొనాల్డ్ చివరి దెబ్బ తీసి ఆట ముగించినప్పుడు లేచి చప్పట్లు కొట్టాడట, యజమాని చేతికి కప్పు ఇస్తున్నారనగా టీవీ కట్టేశాడట. నాకిది చాలా న్యాయంగా తోచింది. నీకూ తోచే ఉంటుంది.

మనవడు ఈ రెండు శోకాలకూ దూరం. వాడు కాన్సస్ సిటీ చీఫ్స్ ఎర్ర చొక్కా వేసుకుని కూర్చున్నాడు. రాష్ట్రానికి అవతలి కొసన ఉన్న ఆ ఊరు ఇక్కడికి సుమారు 400 కిలోమీటర్లు, అయినా 2020 నుంచి 2024 దాకా మూడు కప్పులు తెచ్చిన జట్టును కాదని, తాను పాలపళ్ళు ఊడే వయసులో ఉండగా వెళ్ళిపోయిన దాన్ని ఎందుకు పట్టుకోవాలన్నది వాడి వాదన. తాతగారు చిరునవ్వుతో, అది కూడా 1963లో డాలస్ నుంచి వచ్చినదేనని, ఎగరడం దాని రక్తంలోనే ఉందని అన్నాడు. వాడికి ఆ సంగతి తెలియదు. వెంటనే ఫోన్ తీసి చూసి, మొహం మాడ్చుకున్నాడు.

అసలు విశేషం ఇప్పుడు వస్తుంది. విరామంలో కొడుకు కింది గదిలోంచి ప్లాస్టిక్ సంచీలో మడిచి పెట్టిన 13వ నంబరు వార్నర్ చొక్కాలు రెండు తెచ్చాడు. ఒకటి రామ్స్ నీలం, రెండవది కార్డినల్స్ ఎరుపు. వార్నర్ తరువాతి కాలంలో అరిజోనా కార్డినల్స్‌కు వెళ్ళి, ఆ జట్టును 2009 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ దాకా తీసుకుపోయాడు గదా. అదే సీజనులో, ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్న రామ్స్ 16 ఆటలలో రెండే గెలిచింది. సొంత జట్టు మట్టి కరిచిన ఏడాదిలో, సొంత ఊరిని వదిలేసిన జట్టు కోసం, సొంత ఊరి పాత వీరుడి పేరు చెప్పుకుని, తండ్రీకొడుకులిద్దరూ ఒకే వైపు కేకలు వేశారు. పిట్స్‌బర్గ్ చేతిలో 27-23తో ఓడిపోయిన రాత్రి ఎవరూ భోజనం చేయలేదట. ఈ మాట చెబుతున్నప్పుడు పెద్దాయన ఎర్ర చొక్కా చేతి అంచులో ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ, కొడుకు వైపు చూడకుండా, "అది మంచి సంవత్సరం" అన్నాడు. టీవీలో ఆట మళ్ళీ ఎప్పుడు మొదలైందో మేమెవరమూ గమనించలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి వెళ్ళేది బ్యాటిల్‌హాక్స్ ఆటలకు మాత్రమే. అది వసంతకాలంలో ఆడే చిన్న లీగు జట్టు. 2020లో కోవిడ్ వల్ల మధ్యలోనే మూతపడి, 2023లో తిరిగి వచ్చాక సొంత ఊళ్ళో ఆడిన తొలి ఆటకు, రామ్స్ ఖాళీ చేసిన ఆ స్టేడియంలోనే, 38 వేల మందికి పైగా వచ్చారు. అంతమంది ఒక్క గొంతుతో "క-కా" అని అరుస్తారు. అది విన్నప్పుడల్లా నాకు మన కాకి మాస్టారే గుర్తుకొస్తారు, పాపం ఆయనెక్కడున్నారో.

నీ సంగతికి వస్తాను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌ను మన హైదరాబాద్ కేరళ మీద పెనాల్టీలలో గెలిచిన రాత్రి నువ్వు ఫోనులో ఏడ్చావు. ఆ కప్పును ఢిల్లీ పేరు కింద ఎవరు లెక్కవేసినా నువ్వు ఒప్పుకోవద్దు. క్లీవ్‌లాండ్ అలాగే పట్టుబట్టి, 1995లో యజమాని జట్టును బాల్టిమోర్‌కు తీసుకుపోతుంటే పేరు, రంగులు, చరిత్ర మాత్రం మావేనని ఆపుకుని, 1999లో అదే పేరుతో కొత్త జట్టును తెచ్చుకుంది. అయితే పూణేవాళ్ళ జట్టు మూతపడిన ఖాళీలోనే 2019లో మన జట్టు పుట్టిందన్నది కూడా ఆదివారం నుంచి నన్ను తొలుస్తోంది. అప్పట్లో పూణేలో నీలాంటివాడు ఒకడు ఎవరికో ఇటువంటి ఉత్తరమే రాసి ఉంటాడా? దీని గురించి నీ అభిప్రాయం నాకు కావాలి, ముఖ్యంగా మన జట్టు అభిమానుల సంఘం డెక్కన్ లెజియన్ మిత్రులు ఇప్పుడు ఎటు...

చిన్నదాన్ని ఈత తరగతి నుంచి తీసుకురావలసిన వేళ దాటిపోయింది, బండి మీద మంచు ఇంకా దులపలేదు. వెంటనే జవాబు రాయి, నాలా చేయకు.

నీ
లావుపాటి మైక్ జోన్స్